ఉప్పుగాలికి ఓర్చే కాంక్రీటు: ప్రపంచ పరిశోధనలో సిక్కోలు తీరం ఎక్కడ?

సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లాకు ఇచ్ఛాపురం వైపు నుంచి రణస్థలం వైపు దాకా దాదాపు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం, బందరువానిపేట... ఈ తీరంలో ఏ ఊరికి వెళ్లినా పెచ్చులూడిన స్లాబులు కంటపడతాయి. ఇంటి వసారాలో, బడి వరండాలో, వాటర్ ట్యాంకు కాళ్ల దగ్గర సిమెంటు రాలిపోయి, తుప్పు పట్టిన ఊచలు బయటికి కనిపిస్తుంటాయి. ఇవేమీ తాతల నాటి కట్టడాలు కావు. వీటిలో చాలావాటికి ఇరవై, పాతికేళ్లకు మించి వయసు ఉండదు. అదే కాలంలో సముద్రానికి దూరంగా ఉన్న రాజాంలోనో బొబ్బిలిలోనో వేసిన స్లాబులు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. సిమెంటు కంపెనీలు అవే, మేస్త్రీల పనితనమూ ఇంచుమించు అదే. తేడా అంతా సముద్రపు గాలిలో ఉంది.

తీరంలో ఉన్నవాళ్లకు ఇది ఇంటి మరమ్మతు ఖర్చుతో పోయే విషయం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. దాదాపు నాలుగేళ్లకు, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతం మీద విరుచుకుపడింది. అలాంటి రాత్రి జనం పరుగెత్తేది తుపాను షెల్టర్‌కో, ఊళ్లో ఉన్న పక్కా బడికో. అంటే అందరికన్నా గట్టిగా నిలబడాల్సిన కట్టడమే ఉప్పుగాలికి అందరికన్నా దగ్గరగా ఉంటుంది. పైకి రంగు వేసి ఉన్న స్తంభం లోపల ఊచ సగానికి సన్నబడిపోయి ఉంటే ఆ సంగతి తెలిసేది తుపాను రోజునే.

కాంక్రీటును ఎక్కువ కాలం బతికించడం ఎలా, దాన్ని తయారుచేయడంలో వాతావరణానికి జరిగే నష్టాన్ని తగ్గించడం ఎలా అనే రెండు ప్రశ్నల మీద స్విట్జర్లాండ్, క్యూబా, దక్షిణాఫ్రికా, మెక్సికో, చెన్నై, ఢిల్లీ ల్యాబులు ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నాయి. ఆ పరిశోధనలో తేలినవాటిలో మన తీరానికి ఏవి పనికొస్తాయి, ఏవి నేరుగా పనికిరావు అన్నది విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఊచను కాపాడేది ఏమిటి, చంపేది ఏమిటి

సిమెంటులో నీళ్లు కలిపితే జరిగే రసాయన చర్యలో బలాన్నిచ్చే జిగురు పదార్థంతో పాటు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా పుడుతుంది. అంటే తడి సున్నమే. దీనివల్ల కాంక్రీటు సూక్ష్మ రంధ్రాల్లో ఉండే నీరు తీవ్రమైన క్షారంగా ఉంటుంది. దాని పీహెచ్ 12.5 నుంచి 13 పైదాకా ఉంటుంది. అంత క్షారంలో ఊచ మీద కంటికి కనపడనంత పల్చని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. ఆ పొర ఉన్నంతకాలం ఊచకు తుప్పు పట్టదు. కాంక్రీటు, ఇనుము వందేళ్లకు పైగా కలిసి కాపురం చేస్తున్నాయంటే కారణం ఈ పొరే.

ఈ పొరను రెండు రకాలుగా పోగొట్టుకుంటాం. మొదటి శత్రువు క్లోరైడ్, అంటే ఉప్పు. సముద్రపు తుంపరల్లోని ఉప్పు గాలితో వచ్చి గోడల మీద పేరుకుంటుంది. వాన పడినప్పుడు కరిగి రంధ్రాల గుండా మెల్లగా లోపలికి ఇంకుతుంది. ఊచ దగ్గర ఉప్పు ఒక మోతాదు దాటగానే ఆ పొర అక్కడక్కడా చిల్లులు పడుతుంది. ఒక్కోసారి ఉప్పు బయటి నుంచి రావాల్సిన పని కూడా ఉండదు. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా అవే కలిపి స్లాబు వేస్తే తొలిరోజే శత్రువును ఇంట్లోకి తెచ్చుకున్నట్టే. ఇనుము వాడే కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ, కాంక్రీటు మొత్తంలో ఘనపు మీటరుకు 0.6 కిలోలు మించకూడదనీ 2000లో సవరించిన మన ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. నది ఇసుక దొరకనప్పుడు సముద్రపు ఇసుక కలిపేవాళ్లు ఈ రెండో అంకెను గుర్తుపెట్టుకోవాలి.

రెండో శత్రువు గాలిలోని కార్బన్ డయాక్సైడ్. అది లోపలికి వెళ్లి తడి సున్నాన్ని తిరిగి సున్నపురాయిగా మార్చేస్తుంది. దాంతో కాంక్రీటుకు బలం తగ్గదు కానీ క్షారం తగ్గుతుంది. పీహెచ్ 9 కన్నా దిగువకు పడిపోయిన చోట ఊచ మీది పొర నిలవదు. దీన్ని కార్బనేషన్ అంటారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో స్లాబులకు ముప్పు వచ్చేది ఎక్కువగా దీనివల్లే.

తుప్పు మొదలయ్యాక జరిగేది ఒకటే. తుప్పు, అది తిన్న ఇనుము కన్నా 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నిండుగా పోసి మూత బిగించిన డబ్బాలో శనగలు నానితే డబ్బా ఎలా పగులుతుందో, ఊచ చుట్టూ కాంక్రీటు అలాగే పగులుతుంది. పగులు వచ్చాక ఉప్పు, నీరు, గాలి నేరుగా ఊచనే చేరతాయి. పెచ్చు ఊడిన చోట పైపైన సిమెంటు పూసి రంగు వేయడం వల్ల ఒరిగేదేమీ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఉప్పు చేరిన కాంక్రీటును ఊచ వెనక దాకా చెక్కి తీసేయకపోతే తుప్పు దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

బస్తా వెనక ఉన్న పొగ

రెండో ప్రశ్న వాతావరణానిది. ప్రపంచం ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు వాడుతోంది. ఉత్పత్తిలో చైనా తర్వాత మనదే రెండో స్థానం. మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. దీనికి బొగ్గు మండించడమే కారణమని చాలామంది అనుకుంటారు. అది సగం కన్నా తక్కువ. సున్నపురాయిని, మట్టిని 1450 డిగ్రీల దగ్గర కాల్చి క్లింకర్ అనే గడ్డలు చేస్తారు, వాటిని పొడి చేస్తేనే సిమెంటు. ఆ వేడికి సున్నపురాయి విడిపోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి నుంచి 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. క్లింకర్ తయారీలో వచ్చే వాయువులో దాదాపు 60 శాతం ఇలా రాయిలోంచి వచ్చేదే. అందువల్ల బట్టీని పూర్తిగా సోలార్ కరెంటుతో నడిపినా ఆ భాగం ఆగదు. 50 కిలోల ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) బస్తా అంటే గాలిలోకి సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకోవచ్చు.

కాబట్టి పరిశోధకులు పట్టుకున్న దారి క్లింకర్ వాడకాన్ని తగ్గించడం. కొంత క్లింకర్ స్థానంలో మరో పదార్థం కలపాలి. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద, ఉక్కు ఫ్యాక్టరీల్లో ఇనుము కరిగించాక మిగిలే స్లాగ్, కాల్చిన మట్టి ఈ కోవలోవే. ఇవి తడి సున్నంతో కలిసి మళ్లీ జిగురు పదార్థంగా మారతాయి. ఈ రసాయనం మన పెద్దలకు కొత్త కాదు. గానుగ సున్నంలో ఇటుకపొడి కలిపి కట్టిన రోజుల్లో జరిగింది ఇదే. కాల్చిన మట్టి, సున్నం, నీరు కలిస్తే గట్టిపడే గుణాన్నే ఇప్పుడు ల్యాబులు కొలతలతో, ప్రమాణాలతో పైకి తెస్తున్నాయి.

అసలు చిక్కు

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. పత్రికల్లో వచ్చే "పర్యావరణ హిత సిమెంటు" వార్తల్లో దీని ప్రస్తావన అరుదు.

స్లాగ్ గానీ కాల్చిన మట్టి గానీ కలిపిన కాంక్రీటులో రంధ్రాలు చాలా సన్నబడతాయి. పైగా వీటిలో ఉండే అల్యూమినా లోపలికి వచ్చిన క్లోరైడ్‌లో కొంత భాగాన్ని రసాయనికంగా కట్టిపడేస్తుంది. అందుకే ఉప్పుకు ఇది మామూలు ఓపీసీ కన్నా చాలా బాగా తట్టుకుంటుంది. కానీ ఈ పదార్థాలు గట్టిపడే క్రమంలో తడి సున్నాన్ని వాడేసుకుంటాయి. క్లింకర్ తక్కువ కావడంతో సున్నం పుట్టేదే తక్కువ, అందులోనూ కొంత ఖర్చయిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎదుర్కొనే నిల్వ తగ్గిపోతుంది. అంటే ఒక శత్రువుకు గట్టి అడ్డు వేసిన సిమెంటు రెండో శత్రువు ముందు కొంచెం బలహీనపడుతుంది.

కాబట్టి "ఏ సిమెంటు మంచిది?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. కట్టడం ఎక్కడుందో చెబితేనే జవాబు. కళింగపట్నంలో సముద్రానికి ఎదురుగా కట్టే ఇంటికి ఉప్పే పెద్ద గండం, అక్కడ స్లాగ్ సిమెంటు సరైన ఎంపిక. బొబ్బిలిలో గోడ బయటి భాగం వానకు తడుస్తూ ఎండుతూ ఉంటే కార్బనేషన్ గురించి ఆలోచించాలి. అక్కడ కూడా బ్లెండెడ్ సిమెంటు, అంటే ఇలాంటివి కలిపిన సిమెంటు, వాడవచ్చు. అయితే నీళ్లు తక్కువ కలపాలి, క్యూరింగ్, అంటే తడిపి ఉంచడం, బాగా చేయాలి. ఇంట్లో పొడిగా ఉండే స్లాబు అడుగు భాగంలో కార్బనేషన్ ఎంత లోతుకు వెళ్లినా పెద్ద టెన్షన్ అక్కర్లేదు, ఎందుకంటే తుప్పుకు తేమ కూడా కావాలి. ఈ చివరి విషయం మీద గత పదేళ్లలో చాలా పరిశోధన జరిగింది. కార్బనేషన్ లోతు ఒక్కటే చూసి సిమెంటుకు మార్కులు వేయడం సరికాదన్న అవగాహన పెరిగింది.

క్యూబా, స్విట్జర్లాండ్, ఇండియా ఎందుకు కలిశాయి

దేశాలు కలిసి పనిచేయడం వల్ల ఏం ఒరిగిందో చెప్పడానికి ఎల్‌సీ3 సిమెంటు మంచి ఉదాహరణ. ఇందులో క్లింకర్ 50 శాతమే. 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. మట్టిని కాల్చేందుకు 700 నుంచి 850 డిగ్రీలు చాలు. పైగా మట్టిలోంచి బయటికి పోయేది ప్రధానంగా నీటి ఆవిరే. మామూలు సిమెంటుతో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతుంది.

దీని వెనక స్విట్జర్లాండ్‌లో లౌసాన్ నగరంలోని ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కారెన్ స్క్రివెనర్, క్యూబాలోని లాస్ విల్లాస్ సెంట్రల్ యూనివర్సిటీకి చెందిన ఫెర్నాండో మార్తిరెనా ఉన్నారు. మన వైపు నుంచి ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్, ఐఐటీ బాంబే, టెక్నాలజీ అండ్ యాక్షన్ ఫర్ రూరల్ అడ్వాన్స్‌మెంట్ సంస్థ చేరాయి. డబ్బు స్విస్ ప్రభుత్వ అభివృద్ధి సహకార సంస్థ ఇచ్చింది. ఒక్కో దేశానికి ఒక్కో అవసరం. క్యూబాలో బూడిద, స్లాగ్ దొరకవు. మట్టి మాత్రం పుష్కలం. సిమెంటు రసాయనాన్ని అణువుల స్థాయిలో చూసే పరికరాలు స్విట్జర్లాండ్ దగ్గర ఉన్నాయి. కోట్ల టన్నుల్లో సిమెంటు వాడే మార్కెట్, రకరకాల మట్టి, ఎండ, వాన మన దగ్గర ఉన్నాయి. 2013లో క్యూబాలోని సిగ్వానే ఫ్యాక్టరీలో పారిశ్రామిక స్థాయిలో ట్రయల్ జరిగింది. మన ఝాన్సీలో ఈ సిమెంటుతో నమూనా ఇల్లు కట్టారు. ఇన్నేళ్ల పరీక్షల ఫలితాలు కలిసి చివరికి 2023లో ఐఎస్ 18189 పేరుతో మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణంగా వచ్చాయి. ల్యాబులో పుట్టిన సిమెంటు కాంట్రాక్టరు వాడదగ్గ సిమెంటు కావాలంటే ఈ కాగితం తప్పనిసరి. దాని కోసం పదేళ్లు పట్టడం నాకు ఆలస్యంలా అనిపించదు. ఇళ్లు కూలితే పోయేది ప్రాణాలు.

ఎల్‌సీ3కి ఖరీదైన తెల్ల మట్టి అక్కర్లేదు. కేయోలినైట్ అనే ఖనిజం 40 శాతం ఉన్న మట్టి సరిపోతుంది. మన తూర్పు కనుమల్లో పరుచుకున్న ఖొండలైట్ శిల ఎండకు, వానకు శిథిలమైనప్పుడు ఏర్పడేది కేయోలిన్ కుటుంబం మట్టే. ఏ గుట్ట మట్టి పనికొస్తుందో పరీక్షించే తేల్చాలి. ఆ పరీక్షకు లౌసాన్ దాకా వెళ్లనక్కర్లేదు, మట్టిని వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచే యంత్రం ఉంటే చాలు.

అయినా ఉత్తరాంధ్ర తీరం ఎల్‌సీ3 కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్, పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద మనకు దగ్గర్లోనే ఉన్నాయి. 25 నుంచి 70 శాతం స్లాగ్ ఉండే పీఎస్‌సీ, 15 నుంచి 35 శాతం బూడిద ఉండే పీపీసీ మన మార్కెట్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. "ఓపీసీ 53 గ్రేడే గట్టిది, స్లాగ్ సిమెంటు నాసిరకం" అన్న అపోహ మాత్రం ఊళ్లలో ఇంకా పోలేదు. తొలి వారం రోజుల్లో స్లాగ్ సిమెంటు మెల్లగా గట్టిపడటం దానికి ఒక కారణం కావచ్చు. సముద్రం పక్కన అదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అంగుళం లెక్క

పరిశోధన అంతా ఒకెత్తు, ఊచకూ బయటి గాలికీ మధ్య ఉండే ఆ కాస్త కాంక్రీటు ఒకెత్తు. దాన్నే కవర్ అంటారు. ఉప్పు లోపలికి వెళ్లే వేగం రోజూ ఒకేలా ఉండదు. లోతుకు వెళ్లేకొద్దీ మందగిస్తుంది. లోతు రెట్టింపైతే పట్టే కాలం దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. 20 మిల్లీమీటర్ల కవర్‌ను 45 మిల్లీమీటర్లు చేస్తే, మిగతావన్నీ సమానమనుకుంటే, ఉప్పు ఊచను చేరడానికి 5 రెట్ల కాలం పడుతుంది. అదనంగా వాడిన కాంక్రీటు అంగుళం మందమే.

సముద్రపు గాలికి నేరుగా తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 సరిగ్గా ఈ 45 మిల్లీమీటర్ల కవరే అడుగుతుంది. దాంతోపాటు కనీసం ఎం30 గ్రేడు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ), ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45 మించకపోవడం. తుంపరలు పడే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్ల మధ్య తడిసే చోట ఎం40, 75 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో ఇళ్లకు సాధారణంగా కలిపేది 1:1½:3 పాళ్లు, అంటే ఎం20. తీరానికి ఏం కావాలో, తీరంలో ఏం జరుగుతోందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

0.45 నిష్పత్తి అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్ల నీళ్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. మాల్ తేలిగ్గా జారడం కోసం ఇంకో ఏడు, ఎనిమిది లీటర్లు పోస్తే నిష్పత్తి 0.6కు చేరుతుంది. ఆ అదనపు నీరు సిమెంటుతో కలవదు. ఆవిరైపోయి తన చోట రంధ్రాలను వదిలి వెళ్తుంది. ఉప్పుకు దారి వేసేది ఆ రంధ్రాలే. మాల్ జారాలంటే నీళ్లకు బదులు ప్లాస్టిసైజర్ అనే రసాయనం వాడాలి. బస్తాకు అయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

ఊచలను సెంట్రింగ్ చెక్కకు ఆనకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకుల సంగతి కూడా ఇలాంటిదే. ఊచల కింద పిక్క ముక్కో, ఇటుక పెంకో పెట్టడం ఇప్పటికీ చూస్తాం. మాల్ పోసేటప్పుడు కూలీలు నడుస్తుంటే అవి పక్కకు జరిగిపోతాయి, ఊచలు సెంట్రింగ్ చెక్క మీద కూర్చుంటాయి. నాలుగైదు మిల్లీమీటర్ల కవర్ మిగులుతుంది. పెచ్చులూడిన స్లాబుల్లో ఊచల జాడలు వరుసగా గీతల్లా కనిపించడానికి కారణం తరచూ ఇదే. పీఎస్‌సీ, పీపీసీ వాడినప్పుడు కనీసం 10 రోజులు తడిపి ఉంచాలని ప్రమాణం చెబుతుంది. ఎండాకాలంలో 14 రోజులైతే మంచిది. మడి కట్టి నీళ్లు నిలిపితే స్లాబు పైభాగం బాగుంటుంది. స్తంభాలకు గోనె సంచులు చుట్టి తడపాలి. వాటిని రెండు రోజులు తడిపి వదిలేయడం మామూలైపోయింది. స్లాగ్ సిమెంటు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తడపకపోవడమే.

ఊచనే మార్చేసే మార్గాలూ ఉన్నాయి. మెక్సికోలోని ప్రోగ్రెసో రేవులో 1937 నుంచి 1941 మధ్య స్టెయిన్‌లెస్ స్టీల్ ఊచలతో కట్టిన పొడవాటి పీర్ (సముద్రంలోకి సాగే వంతెనలాంటి కట్టడం) వెచ్చటి ఉప్పునీటిలో ఇన్ని దశాబ్దాలు నిలిచింది. దాని పక్కన తర్వాత మామూలు ఇనుముతో కట్టింది శిథిలమైంది. ఇంకోవైపు ఫ్లోరిడా కీస్‌లో 1980 ప్రాంతంలో ఎపాక్సీ పూత వేసిన ఊచలతో కట్టిన వంతెనల్లో 1986 నాటికే తుప్పు బయటపడింది. పూతకు గీత పడితే ఉప్పు ఆ గీత దగ్గరే చేరుతుంది. ఈ రెండింటి మధ్య తేడా తెలియకుండా కోటింగ్ ఊచలు కొంటే డబ్బు దండగ. పగుళ్లను బ్యాక్టీరియాతో పూడ్చే కాంక్రీటు మీద నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో హెంక్ యాంకర్స్ చేసిన పని అద్భుతమైనదే. అయితే కవర్ బ్లాకులు సరిగా పెట్టని చోట దాని గురించి ఆలోచించడం తొందరపాటు అవుతుంది.

ల్యాబుల మధ్య నమ్మకం

ఒకే కాంక్రీటు ముక్కను పది ల్యాబులకు పంపితే పది రకాల ఫలితాలు రావచ్చు. మన్నిక పరీక్షలో ఈ సమస్య బలం పరీక్షకన్నా ఎక్కువ. అందుకే 1947లో పుట్టిన రిలెమ్ అనే అంతర్జాతీయ సంఘం రకరకాల దేశాల ల్యాబులకు ఒకే నమూనాలు పంపి, ఫలితాలు పోల్చి, పరీక్ష పద్ధతులను సరిచేస్తుంది. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ రవీంద్ర గెట్టు 2018 నుంచి 2021 వరకు దీనికి అధ్యక్షులుగా పనిచేశారు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ అలెగ్జాండర్ బృందం ఆక్సిజన్, నీరు, క్లోరైడ్ ఎంత సులువుగా లోపలికి వెళ్తాయో కొలిచే మన్నిక సూచికలను రూపొందించింది. అక్కడి జాతీయ రహదారి పనుల్లో వాటిని వాడతారు. కాంట్రాక్టరు కట్టిన కాంక్రీటు నుంచే ముక్క తీసి కొలుస్తారు. క్యూబ్ పగలగొట్టి 28 రోజుల బలం చూసి బిల్లు పాస్ చేసే మన పద్ధతికీ దీనికీ ఎంతో తేడా ఉంది. బలం ఉన్నంత మాత్రాన ఉప్పును ఆపుతుందని లేదు.

యూరప్‌లో 1990ల చివర్లో డ్యూరాక్రీట్ ప్రాజెక్టు చేసిన పని ఇంకో మెట్టు. ఫలానా కవర్, ఫలానా కాంక్రీటు అయితే 50 ఏళ్లలో తుప్పు మొదలయ్యే అవకాశం ఎంత అని లెక్కగట్టే పద్ధతి అది. 2006లో అంతర్జాతీయ కాంక్రీటు సమాఖ్య ఫిబ్ దాన్నే ఆధారం చేసుకుని జీవితకాలం డిజైన్ కోసం నమూనా కోడ్ తెచ్చింది.

ఆ లెక్కల్లోకి వెళ్లే అంకెలు మాత్రం చాలావరకు చల్లటి దేశాలవి. అమెరికాలోని ట్రీట్ ఐలాండ్‌లో 1936 నుంచి, స్వీడన్‌లోని ట్రాస్లోవ్స్‌లాగేలో 1990ల మొదటి నుంచి కాంక్రీటు దిమ్మెలను సముద్రంలో ఉంచి చూస్తున్నారు. ట్రీట్ ఐలాండ్‌లో ప్రధానంగా పరీక్షించేది గడ్డకట్టి కరిగే చలికి కాంక్రీటు ఎలా తట్టుకుంటుందో. మనకు ఆ బాధే లేదు. మనకున్నది ఏడాది పొడవునా వేడి, తేమ, వర్షాకాలంలో కడిగేసే వాన, తర్వాత నెలల తరబడి పేరుకునే ఉప్పు. వేడి పెరిగితే క్లోరైడ్ ప్రయాణం వేగం పుంజుకుంటుంది, తుప్పు కూడా. స్వీడన్ అంకెలతో సిక్కోలు తీరంలో 50 ఏళ్లు వస్తుందని లెక్కవేస్తే మోసపోతాం.

వెచ్చటి దేశాలు దీనికి ఒక దారి చూపించాయి. మెక్సికో, వెనెజులా, కొలంబియా, స్పెయిన్ వంటి దేశాలు కలిసి డ్యూరాకాన్ అనే ప్రాజెక్టు నడిపాయి. ప్రతి దేశం తన ఇసుక, తన కంకరతో, అయితే ఒకే నీరు సిమెంటు నిష్పత్తులు 0.45, 0.65తో ఊచలున్న దిమ్మెలు చేసి, తీరంలోనూ ఊళ్లలోనూ ఎండకు వానకు వదిలేసి ఏళ్ల తరబడి కొలిచాయి. ఖరీదైన యంత్రాలతో పనిలేదు. ఓపిక, క్రమం కావాలి.

బంగాళాఖాతం చుట్టూ అలాంటిది ఒకటి కావాలి. మన దేశం, బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంక పంచుకునే సముద్రం ఇది. తుపాన్లూ ఉమ్మడివే. మన వైపు మొదలుపెట్టడానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. టెక్కలి, రాజాం, విజయనగరంలో సివిల్ ఇంజినీరింగ్ చదువులున్నాయి. ఏటా బీటెక్ ప్రాజెక్టుల కోసం కాంక్రీటు క్యూబులు పోస్తారు. ఎక్కువగా 28 రోజులకు పగలగొట్టి పారేస్తారు. అందులో కొన్నింటిని ఊచలతో సహా కళింగపట్నం ఒడ్డున ఒకటి, ఒడ్డుకు కిలోమీటరు లోపల ఒకటి, శ్రీకాకుళం పట్టణంలో ఒకటి, రాజాంలో ఒకటి చొప్పున మేడల మీద పెట్టవచ్చు. ఓపీసీ, పీపీసీ, పీఎస్‌సీ, ఎల్‌సీ3 నాలుగూ నాగావళి, వంశధార ఇసుకతోనే చేయాలి. మూలపేట పోర్టు, భోగాపురం విమానాశ్రయం వంటి పెద్ద పనుల్లో పోసిన కాంక్రీటు నుంచి కూడా కొన్ని దిమ్మెలు అడిగి తీసుకుని పక్కన పెట్టాలి.

1, 3, 5, 10 ఏళ్లకు ఒక్కో దిమ్మెను చీల్చి చూడాలి. చీలిన ముఖం మీద సిల్వర్ నైట్రేట్ ద్రావణం చల్లితే ఉప్పు చేరినంత మేర తెల్లబడుతుంది. ఫినాఫ్తలీన్ చల్లితే క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, కార్బనేషన్ జరిగిన చోట రంగు రాదు. స్కేలు పెట్టి లోతు కొలిచి రాసుకోవాలి. చదువు నాలుగేళ్లకే పూర్తవుతుంది కాబట్టి ఈ పని విద్యార్థి పేరు మీద కాకుండా విభాగం పేరు మీద ఉండాలి. రిజిస్టరు ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు అందాలి. కొలిచే పద్ధతి రిలెమ్ సిఫార్సుల ప్రకారం ఉంటే కేప్‌టౌన్‌లోనో లౌసాన్‌లోనో ఉన్నవాళ్లు ఆ అంకెలను నేరుగా తమ లెక్కల్లోకి తీసుకోగలరు. తీరంలో కట్టే తర్వాతి తుపాను షెల్టర్‌కు ఎంత కవర్ కావాలో అప్పుడు మన తీరం అంకెలతోనే తేల్చవచ్చు.